అరువు బిడ్డ

రంగుల గదిలో పనిచేసే అమ్మాయి కొడుకుని జీపెక్కించిన రోజు నేను పనిలోకి వెళ్లలేదు. కాలి మీద దారం కండెల పెట్టె పడి బొటనవేలు వాచిపోతే గుమ్మంలో కాలు చాపుకుని కూర్చున్నాను. అందుకే మొదటి నుంచి చివరిదాకా చూశాను. చూసింది చూసినట్టు చెప్తాను. వినేవాళ్లలో మిల్లుల్లో పనిచేసేవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. ఒక మాట ముందే చెప్తున్నాను. మధ్యలో ఎవరైనా "అయ్యో పాపం" అన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అన్నవాళ్లని మా లైనులో చాలామందినే చూశాం. అనేసి వెళ్లిపోయారు.

లైను అంటే మిల్లువాళ్లు మాకోసం కట్టించిన గదుల వరస. ఒక్కో సంసారానికి ఒక్కో గది, ముందు గుమ్మం, వెనక కిటికీ, అందరికీ కలిపి ఒకటే కుళాయి. ఆ కుళాయి పక్కన జీపు ఆగింది. ఇద్దరు పోలీసులు, ఒక ఆఫీసరమ్మ దిగారు. బయట తాళం వేసిన గదిలోంచి పిల్లాడు ఏడుస్తున్నాడు. పోలీసులు తాళం పగలగొట్టారు. రెండేళ్లవాడు, తడిసిన చెడ్డీతో మూల నక్కి కూర్చున్నాడు. ఆఫీసరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను కుంటుకుంటూ వెళ్లి చెప్పాను, తల్లి షిఫ్టులో ఉంది, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఇందాకే నీళ్లు కూడా పట్టాను అని. వాడికి నువ్వేమవుతావని ఆవిడ అడిగింది. పక్కింటిదాన్ని అన్నాను. పక్కింటివాళ్ల మాట లెక్కలోకి రాదంది. ఈలోగా ఎవరో మిల్లుకి కబురు చేశారు. తల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. మోచేతుల దాకా నీలం రంగు, కడుక్కోవడానికి కూడా ఆగలేదు. అప్పటికే జీపు మలుపు తిరిగింది. రోడ్డు మీద పడి ఆమె జీపు వెనక పరిగెత్తడం చూశాను. ఆ తర్వాత ఎన్నో ఆఫీసులు తిరిగింది. ఒక్కో ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెప్పింది. చివరికి గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది, మళ్లీ కనబడలేదు.

ఆమె చేసిన నేరం బిడ్డని గదిలో పెట్టి తాళం వెయ్యడం. లైనులో తాళం వెయ్యని తల్లి ఒక్కతుంటే చూపించండి. సైరన్ మోగితే లోపలుండాలి, పిల్లతో వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు. పనిలోకి తీసుకున్నప్పుడు గేటు పక్కనున్న గది చూపించి, ఇదిగో పిల్లల గది, మీరు పనిలో ఉంటే ఆయా చూసుకుంటుంది అన్నారు. ఆయా రాలేదు, గది తెరవలేదు. మరి జీపు ఆమె కోసమే ఎందుకొచ్చింది? అంతకుముందు రోజు ఆమె వరసగా రెండో షిఫ్టు చెయ్యనని సూపర్‌వైజరు మొహం మీదే చెప్పింది. మాకు అర్థమైంది. ఆనాటి నుంచి ఏ ఆడది రెండో షిఫ్టు వద్దన్నా సూపర్‌వైజరు నవ్వుతూ ఒకటే అనేవాడు, జీపుకి మీ లైను దారి తెలుసు అని.

ఇలా మేం బిక్కుబిక్కుమంటూ ఉన్న రోజుల్లో బొమ్మలక్క వచ్చింది. ఆమెకి అసలు పేరు ఉంది, కాని భుజాన బొమ్మల సంచితో వచ్చేది కాబట్టి మాకు బొమ్మలక్కే. చంటిపిల్లలున్న ఇంటికల్లా తల్లి షిఫ్టు అయ్యే వేళ చూసి వారం వారం వచ్చి తల్లితో, పిల్లతో కాసేపు కూర్చోవాలట. సర్కారు పథకం, కాంట్రాక్టు మనిషి. మొదటి రోజు లైనంతా తలుపులు ఓరగా వేసుకుంది. మా ఫిట్టరు మామ, అంటే మిల్లులో మిషన్లు బాగుచేసే పెద్దాయన, సంఘం మనిషి, కుళాయి దగ్గర నిలబడి ఆమెకి వినబడేట్టే అన్నాడు, ఈసారి జీపుకి చీర కట్టి పంపించారని.

ఆమె విననట్టు ఊరుకుంది. స్టూలు వేస్తే వద్దని మాతో పాటు నేల మీదే కూర్చుంది. పిల్ల సంగతి తర్వాత, ముందు నీకు సరిగా నిద్ర పడుతోందా అని తల్లిని అడిగింది. మమ్మల్ని ఆ మాట అడిగిన మనిషి అంతకుముందు లేదు. కొందరికి ఏడుపొచ్చింది, కొందరు నవ్వారు.

నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఆమె వల్ల మా పిల్లలు మారారు. అంతకుముందు చంటిపిల్లతో మాట్లాడటం ఏమిటి, వాళ్లకేం తెలుస్తుందని అనుకునేవాళ్లం. ఏడిస్తే ఎత్తుకోవడం, విసిగిస్తే ఒకటి వేయడం, అంతే. ఆమె మూతలు, గరిటెలు, ఖాళీ సీసాలో గులకరాళ్లు, వీటితోనే ఆడించడం చూపించింది. గిన్నె తోముతూ గిన్నె అని చెప్పు, నీళ్లు పోస్తూ నీళ్లు అని చెప్పు, నీ మొహం చూసే వాళ్లు నేర్చుకుంటారు అంది. బస్తాలు మోసే ఒక బావ ఉన్నాడు మా లైనులో, పలకరిస్తే కసురుకునే రకం. కొన్నాళ్లకి ఆ బావ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇది చెంబు, ఇది మూత, అదిగో ఆ వచ్చేది మీ అమ్మ కోపం అని చెప్తుంటే లైనంతా చేరి నవ్వుకున్నాం. ఆ పిల్ల చెంబు అన్నరోజు బావ మిల్లు తనదే అయినంత గర్వంగా తిరిగాడు.

కాని ఆమె చెప్పేదాంట్లో సగం మేం చెయ్యగలిగింది కాదు. బలహీనంగా ఉన్న పిల్లకి రోజంతా కాస్త కాస్త చొప్పున మెత్తగా కలిపి పెడుతూ ఉండాలి అంది. ఎవరు పెట్టాలి అని అడిగాను. నేను తిన్నగా అడిగేసరికి ఆమె తలదించుకుంది. పిల్లల గది తెరిపించమని మా ఆఫీసులో రాస్తున్నాను పెద్దమ్మా అంది. లైనులో నన్ను అందరూ పెద్దమ్మ అంటారు, ఆమె కూడా అలాగే పిలిచింది. ఆ రోజే ఇంకో మాట కూడా దాచకుండా చెప్పింది. నేను చూసింది చూసినట్టు రాయాలి, అది కూడా నా ఉద్యోగమే అని. మంచి మనిషి కాబట్టి చెప్పింది. ఆ మాటతోనే మా గుండెల్లో రాయి పడింది. రాసింది ఎవరి చేతికి వెళ్తుంది, జీపున్న ఆఫీసుకే కదా.

అక్కడ మొదలైంది మా తెలివి. అది ఎలా తెల్లారిందో వినండి.

లైనులో మంచి పరుపంటూ ఉన్నది ఒక్కటే, మిల్లు క్యాంటీనులో వండే వదినది. బొమ్మలక్క మొదటి గదిలోకి వచ్చేసరికి ఆ పరుపు మొదటి గదిలో ఉండేది. ఆమె లేచి చెప్పులు వేసుకునేలోగా వెనక కిటికీలోంచి రెండో గదిలోకి పోయేది. పరుపు వెనక స్టీలు బిందె, బిందె వెనక కొత్త సబ్బు, ఆ వెనక అరటిపళ్ల గెల. పిల్లలకి పళ్లు కూడా పెడుతున్నాం అని చూపించడానికన్నమాట. కుళాయి దగ్గర నిలబడి దగ్గడం నా డ్యూటీ, దగ్గితే వస్తువులు కదలాలి. ఆ పళ్లు గది గది తిరిగి నల్లబడిపోయాయి గానీ ఒక్కటీ ఎవరి నోట్లోకీ వెళ్లలేదు. ఒకసారి ఓ పిల్లాడు ఒక పండు కొరికితే, చూపించడానికి గెల చెడిపోయిందని ఇద్దరు తల్లులు జుట్లు పట్టుకున్నారు. తినాల్సిన పండు తిన్నందుకు తన్నులు తిన్న పిల్లాడు మా లైనులోనే ఉంటాడు, ఇంకెక్కడా ఉండడు.

బొమ్మలక్కకి తెలియలేదని నేననుకోను. మీ లైనులో అందరికీ ఒకే రంగు పరుపు నచ్చినట్టుంది అని ఒకసారి అని, మా మొహాలు చూసి మాట మార్చేసింది. గదులన్నీ బాగున్నాయనే రాసిందట. మమ్మల్ని కాపాడుతున్నాననే అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం.

ఇప్పుడు పిచ్చుక సంగతి చెప్పాలి.

పిచ్చుక మా పక్కగది పిల్ల. తల్లి మిషను ముందు నిలబడి తెగిన పోగులు అతుకుతుంది. తండ్రి లారీ మీద వెళ్లాడు, ఇంకా వెళ్తూనే ఉన్నాడు. పుట్టినప్పుడే పిడికెడంత ఉంది. బొమ్మలక్క వచ్చాక నోరు తెరిచి, ఇంక మూయలేదు. కనబడినదాన్నల్లా ఏమిటి ఏమిటి అని అడిగేది. అందుకే ఆ పేరు. నన్ను పూర్తిగా పిలవడం రాక "పెద్దా" అనేది. షిఫ్టు నుంచి వస్తుంటే గుమ్మంలోంచి పెద్దా అని అరిచేది, నా ప్రాణం లేచొచ్చేది. చలికాలం మొదలయ్యేసరికి పిల్లకి దగ్గు పట్టుకుంది. తిండి తగ్గింది. రెండేళ్లు దాటినా ఏడాది పిల్లలా ఉండేది.

అప్పుడప్పుడూ తూకం మనిషి వచ్చేవాడు. బొమ్మలక్కతో కాదు, వేరే రోజు, వేరే మనిషి. తలుపుకి కొక్కెం తగిలించి, కాటాకి ఉయ్యాల కట్టి పిల్లల్ని తూచేవాడు. కాటా మీద ఎర్రగీత ఉంటుంది. ముల్లు ఆ గీత దాటకపోతే ఆ ఇంటి పేరు పైకి వెళ్తుంది. పైకి వెళ్తే పాలపొడి వస్తుందో జీపు వస్తుందో మాకెవరూ చెప్పలేదు. పాలపొడి రావడం మేం చూడలేదు, జీపు రావడం చూశాం.

తూకం రోజు పిచ్చుక తల్లి పిల్లని కొంగు కింద దాచుకుని కూర్చుంది. అప్పుడు క్యాంటీను వదిన తన కొడుకు గుండుగాణ్ణి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. వాడికీ పిచ్చుక వయసే, క్యాంటీనులో మిగిలింది తిని బొద్దుగా ఉండేవాడు. పిచ్చుక గౌను వాడికి ఎక్కించలేక చచ్చాం. తూకం మనిషి పిల్ల మొహం ఎప్పుడూ చూడడు, ముల్లే చూస్తాడు. బాగుంది అన్నాడు, వెళ్లిపోయాడు. ఆ రోజు గుండుగాడు ముగ్గురు పిల్లల పేర్ల మీద తూగాడు, మూడోసారి తూకం మనిషి చొక్కా తడిపాడు. కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. పరుపు అరువిచ్చుకున్నట్టే బిడ్డనీ అరువిచ్చుకున్నాం. ఆ తర్వాత వచ్చిన తూకానికీ అదే చేశాం.

బొమ్మలక్క వారం వారం పిల్లని చూస్తోంది కదా, చిక్కిపోవడం ఆమెకి తెలుస్తోంది. వెంటనే పెద్దాసుపత్రిలో చేర్పించాలి, పై నుంచి చీటీ తెస్తాను అని వెళ్లింది. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. కాటా బాగుంది అంటుంటే నీ కంటికి బాగాలేదా, నువ్వు ఆ లైనువాళ్లతో మరీ కలిసిపోయావు అన్నారట. తూకం రోజు ఏం జరిగింది అని తల్లిని అడిగింది. ఆమె పిల్లకి దుప్పటి సర్దింది. మేమెవరమూ నోరు విప్పలేదు. మా కోసం పోట్లాడే ఒక్క మనిషి నోరూ మా చేతులతోనే మూసేశాం.

తర్వాత పెద్దసారు వచ్చాడు. ఆ ఆఫీసుకి పెద్ద. కుళాయి దగ్గర షామియానా వేశారు, మిల్లు మేనేజరూ, మిల్లుకి కూలీల్ని పెట్టే కాంట్రాక్టరూ కుర్చీల్లో కూర్చున్నారు. మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టారు. పథకం విజయవంతమైంది, ఈ లైనులో ప్రతి గదీ శుభ్రంగా ఉంది, ప్రతి పిల్లా గీతకి పైనే ఉంది, కాబట్టి ఇక్కడ ఇక ఇంటింటికీ మనిషిని పంపాల్సిన అవసరం లేదు అన్నాడు. పిల్లలు ఇంట్లోనే ఇంత బాగా పెరుగుతుంటే పిల్లల గది మాత్రం దేనికి, దాన్ని మిల్లు వేరే పనికి వాడుకోవచ్చు అన్నాడు. కాంట్రాక్టరు ముందుగా చప్పట్లు కొట్టాడు. మర్నాటికల్లా ఆ గదిలో పనికిరాని దూది బేళ్లు నింపాడు. మమ్మల్ని కూడా చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాం.

ఆఖరిసారి వచ్చినప్పుడు బొమ్మలక్క సంచి తేలేదు, ముందురోజే లాక్కున్నారట. తిన్నగా పిచ్చుక గదికి వెళ్లింది. పిల్ల పడుకునే ఉంది, ఊపిరి తీస్తుంటే డొక్క లోపలికి పోతోంది. తల్లి ఇంక దాచలేక గుండుగాడి సంగతి చెప్పేసింది. బొమ్మలక్క మొహం తెల్లబోయింది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే రాసేదానివి కదక్కా."

బొమ్మలక్క పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

"రాసేదాన్నే," అంది.

ఆ సాయంత్రం ఫిట్టరు మామ కుళాయి దగ్గర అందర్నీ కూర్చోబెట్టాడు. బొమ్మలక్క కూడా ఉంది. ముందు అందరం ఒకళ్ల మీద ఒకళ్లం పడ్డాం. క్యాంటీను వదిన నా కొడుకే ఆ పిల్ల ఉసురు తీస్తున్నాడని తల బాదుకుంది. బొమ్మలక్కని నమ్మడమే తప్పని ఒకడు, నమ్మకపోవడమే తప్పని వాడి పెళ్లాం. మాకెందుకీ గొడవ, గదులు పోతే రోడ్డున పడతాం అని వెనక వరసలోంచి కొందరు. మోసం చేసింది మనం, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం అని ఇంకొకడు. నాకు తిక్కరేగింది. లేచి అరిచాను.

"మోసం చేశాం, నిజమే. ఎందుకు చేశాం? ఆకలేస్తోందని చెప్తే అన్నం పెట్టరు, బిడ్డను ఎత్తుకుపోతారు. అందుకు చేశాం. మనకి పగలంతా మిల్లులో పని, పిల్లకి పగలంతా తాళం. ఆ పగలు ఎవడు తిన్నాడో వాడు బాగానే ఉన్నాడు, మనం ఒకళ్ల జుట్లు ఒకళ్లు పట్టుకుంటున్నాం."

ఫిట్టరు మామ నన్ను కూర్చోమన్నాడు. ముందు పిల్లని బతికించుకుందాం, రేపే ఆసుపత్రికి తీసుకెళ్దాం, అన్నీ నిజమే చెప్దాం అన్నాడు. నిజం చెప్తే జీపొస్తుంది కదా అని ఎవరో అన్నారు. అందరూ పిచ్చుక తల్లి వైపు చూశారు. ఆమె పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఎవరి వైపూ చూడలేదు.

"బతికితే చాలు. ఎవరి దగ్గరైనా బతకనీ. పెద్దయ్యాక నేను ఎవరో తెలియకపోయినా పర్లేదు," అంది.

మేం చేసుకున్న బతుకు ఇదీ అనిపించింది. బిడ్డని ఇచ్చెయ్యడమొక్కటే తల్లి చెయ్యగలిగిన మేలు. బస్తాల బావ ఎప్పుడూ మీటింగులో మాట్లాడడు. ఆ రోజు నిలబడ్డాడు. ఆమె ఒక్కతే వెళ్తే పిల్లని లాక్కుంటారు, లైనంతా వెళ్దాం, పిల్లలందర్నీ ఎత్తుకుని వెళ్దాం, తీసుకెళ్లేదుంటే అందర్నీ తీసుకెళ్లమందాం అన్నాడు. వెనక వరసలో గొణిగినవాళ్లు కూడా వస్తామన్నారు.

మర్నాడు పొద్దున సైరన్ మోగినా మేం లోపలికి వెళ్లలేదు, రాత్రి షిఫ్టు నుంచి బయటికొచ్చిన మావాళ్లని కూడా గేటు దగ్గరే కలుపుకున్నాం. ఇళ్లకొచ్చి పిల్లల్ని చంకనేసుకుని ఆసుపత్రికి నడిచాం. సూపర్‌వైజరు సైకిలు మీద కొంతదూరం వెంటపడి తిట్టాడు. పోయిరా నాయనా అన్నాను.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పిచ్చుకని చూసి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని కేకలేశాడు. తర్వాత తలెత్తి వరండా నిండా ఉన్న పిల్లల్ని చూసి ఊరుకున్నాడు. లోపలికి తీసుకుని ముక్కుకి గొట్టం, చేతికి సెలైన్ పెట్టాడు. ఊపిరితిత్తులు చెడ్డాయి, ఒంట్లో సత్తువ లేదు, చెప్పలేను అన్నాడు.

సాయంత్రానికి జీపు వచ్చింది. అదే ఆఫీసరమ్మ. తల్లి సర్కారుని మోసం చేసింది, పిల్లని చావు దాకా తెచ్చింది, కేసు పెడుతున్నాం అంది. మేమందరం చేశాం అన్నాను. క్యాంటీను వదిన గుండుగాణ్ణి ముందుకి తోసి, తూగింది వీడు, ఇచ్చింది నేను, నన్ను పట్టుకెళ్లు అంది. ఒకరి తర్వాత ఒకరు అలాగే అన్నారు. ఆవిడ విసుక్కుని, ఇంతమందిని ఎక్కడ పెట్టను, నాకు ఒకళ్లు చాలు అంది. బొమ్మలక్క ముందుకొచ్చి, ఈ పిల్ల చిక్కిపోతోందని నేను చెప్పాను, వద్దన్నది మీ ఆఫీసే అంది. నువ్విప్పుడు ఉద్యోగంలోనే లేవు, పనికి అడ్డం వస్తున్నావని ఆఫీసరమ్మ ఆమెను కూడా జీపెక్కించమంది.

తల్లి వేలు పట్టుకుని పిచ్చుక పడుకుని ఉంది. ఆ వేలు విడిపించుకోవడం తల్లికి చేతకాలేదు. పోలీసు చెయ్యి వెయ్యబోతే వద్దని చెప్పి, తనే మెల్లగా విడిపించుకుని, ఆ పిడికిట్లో నా వేలు పెట్టింది.

"మాట్లాడుతూ ఉండు పెద్దమ్మా. ఊరుకోకు," అంది.

ఊరుకోలేదు. కనబడినవన్నీ చెప్పాను. ఇది మంచం, ఇది సీసా, ఇది గొట్టం, అది కిటికీ, కిటికీలో కాకి. అన్నీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఒకసారి కళ్లు తెరిచి పెదవి కదిపింది, పెద్దా అన్నదనే నా నమ్మకం. మర్నాడు పొద్దెక్కాక, నేనింకా చెప్తూ ఉండగానే నర్సు వచ్చి నా భుజం పట్టుకుంది. పట్టుకుని ఏదో అంది. నేను కాసేపు ఆపలేదు.

స్టేషనుకి నేనే వెళ్లాను, వెనక లైనంతా వచ్చింది. తల్లి నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"ఎవరి దగ్గరుంది?"

"నా ఒళ్లో."

"మాట్లాడావా?"

"మాట్లాడుతూనే ఉన్నానమ్మా."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండు అనిపించింది నాకు. కటకటాలు పట్టుకుని, మా వైపు కాదు, ఇన్‌స్పెక్టరు వైపు చూసి, ఇంక నా దగ్గర తీసుకెళ్లడానికి ఏం లేదు, ఇప్పుడు నన్నేం చేస్తారు అంది. అతను కాగితాలు సర్దుకున్నాడు. మట్టి చెయ్యడానికి ఇద్దరు కానిస్టేబుళ్లని తోడిచ్చి పంపిస్తాను, వెంటనే వెనక్కి రావాలన్నాడు. బొమ్మలక్కని మాత్రం వదల్లేదు. తల్లి బయటికొచ్చి మాతో ఒకటే చెప్పింది.

"వెనకదారిన తీసుకెళ్లొద్దు. మిల్లు గేటు ముందు నుంచి వెళ్దాం. షిఫ్టు మారేటప్పుడు."

అలాగే వెళ్లాం. మేం పనిలోకి వెళ్లకపోయినా ఊళ్లోంచి వచ్చేవాళ్లతో మిల్లు నడుస్తూనే ఉంది, లోపలికి వెళ్లేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు గేటు దగ్గర కలిసే వేళ అది. పిచ్చుకని చూసి వెళ్లేవాళ్లు ఆగారు, వచ్చేవాళ్లు ఆగారు. తల్లి గేటు ఎదురుగా నేల మీద కూర్చుంది, పిల్ల ఒళ్లో ఉంది. కానిస్టేబులు లెమ్మన్నాడు. ఆ గదిలోంచి దూది తీయించి పిల్లల్ని రానివ్వమనండి, లేస్తాను అంది. మేం చుట్టూ కూర్చున్నాం. కాంట్రాక్టరు పరిగెత్తుకొచ్చాడు. మేనేజరు మేడ మీద నుంచి, ఇది ఆ తల్లి నిర్లక్ష్యం, మిల్లుకి సంబంధం లేదన్నాడు. సూపర్‌వైజరు మొదలెట్టాడు, లోపలికి రానివాళ్లు గదులు ఖాళీ చెయ్యాలి, పిల్లలున్నవాళ్లు ఆలోచించుకోండి, జీపుకి మీ లైను దారి తెలుసు అని.

క్యాంటీను వదిన లేచి వెళ్లి గుండుగాణ్ణి అతని కాళ్ల ముందు దింపింది. "పిలువు," అంది. బస్తాల బావ కూతుర్ని దింపాడు. తర్వాత ఎవరూ ఎవరికోసం చూడలేదు, లైనులోని పిల్లలందరూ అతని చుట్టూ చేరారు. అతను వెనక్కి జరిగాడు, జరిగి జరిగి గేటుకి ఆనుకున్నాడు.

లోపల ఉన్నవాళ్లు ఒక్కో మిషను ఆపేసి బయటికి రావడం మొదలుపెట్టారు. ఫిట్టరు మామ లోపలికి వెళ్లి ఆఖరి మిషను ఆపి వచ్చాడు. మా పిల్లలు లైనులో పుట్టినవాళ్లు, మిల్లు చప్పుడు ఆగడం పుట్టాక వినలేదు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయేసరికి భయపడి ఏడ్చారు. తల్లులు ఎత్తుకుని, ఏం లేదమ్మా, మిల్లు ఆగింది, మనమే ఆపాం అని చెప్పారు.

చీకటిపడకముందే లాఠీలు వచ్చాయి. ఫిట్టరు మామ తల పగిలింది, నా చెయ్యి ఇదిగో ఇలా అయింది. అయినా పిచ్చుకని మట్టి చేసింది తల్లి చేతులే, పోలీసులు కాదు. తర్వాత ఆమెను మళ్లీ లోపల వేశారు. మేం గేటు దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాం. సైరన్ వేస్తారు, మేం లేవం. మళ్లీ వేస్తారు.

ఇది జరిగి ఎంతో కాలం కాలేదు. తల్లి, బొమ్మలక్క ఇంకా లోపలే ఉన్నారు. గదిలో దూది ఇంకా ఉంది. మావాళ్లు ఇప్పుడు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు, నేను పొద్దున్నే తిరిగి వెళ్లాలి. మీకు కథ చెప్పి పోదామని ఇంతదూరం రాలేదు. గేటు పెద్దది, మేం చాలడం లేదు. మీ మిల్లుల్లో కూడా రేపు సైరన్ వేస్తారు కదా, దాన్ని మోగనిచ్చి మాతో రండి. చంటిపిల్లలున్నవాళ్లు వాళ్లని ఎవరికీ అప్పజెప్పకండి, ఎత్తుకుని తీసుకురండి.